సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీ

బస్సు డిపోలో డ్యూటీ చార్టు రాసేవాడికి నమస్కారాలు ఎక్కువ, స్నేహితులు తక్కువ. రేపు ఏ కండక్టరు ఏ బస్సు ఎక్కాలో, ఎన్నింటికి ఇల్లు చేరాలో చెప్పేది ఆ కాగితమే. నేను కండక్టరుగా చేరి, మోకాళ్లు మొరాయించాక ఆ కుర్చీలో కూర్చున్నాను. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. గోదావరికి దగ్గరలో, బొగ్గు గనుల పక్కన ఉన్న డిపో మాది. ఊరి పేరు రాయను. శ్రీరాంపూర్ బండి సంగతి చెప్పబోతున్నాను కాబట్టి ఆ వైపు వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. మనుషుల పేర్లు మాత్రం అస్సలు రాయను. అందరూ బతికే ఉన్నారు, కొందరు ఇప్పటికీ నాకు టీ ఇప్పిస్తారు.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ నాకు డైరీ రాసే అలవాటుంది. నేను చెప్పబోయే రోజు పేజీ తీసి చూస్తే "ఎంపిక. గొడవ. అన్నం తినలేదు" అని మూడు ముక్కలే ఉన్నాయి. మనసుకు బాగా పట్టిన రోజుల్లో డైరీ చిన్నదవుతుందని ఇన్నేళ్లకు గమనించాను. అందుకని మిగతాది జ్ఞాపకం నుంచే రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, కొత్తగా అమ్మలూ నాన్నలూ అవుతున్న పిల్లలు చదివితే చాలు.

మా డిపోలో ఆరు నెలలకోసారి డ్యూటీల ఎంపిక జరిగేది. వేరే డిపోల్లో ఎలా చేస్తారో నాకు తెలియదు. కండక్టర్లందరూ విశ్రాంతి గదిలో కూర్చుంటారు. మేనేజరుకు ఒక కుర్చీ, నాకు ఒక బల్ల. సీనియారిటీ వరుసలో నేను పేర్లు పిలుస్తాను. పిలిచినవాళ్లు లేచి, మిగిలిన బండ్లలో తమకు కావలసింది చెప్తారు. చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఒకసారి రాశాక ఆరు నెలలపాటు ఆ మనిషి ఒప్పుకోనిదే ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. మేనేజరైనా సరే.

అన్నిటికంటే గిరాకీ హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌కు. తెల్లారకముందు ఎక్కాలి, బాగా పొద్దుపోయాక దిగాలి. కానీ బత్తా ఉంటుంది, వసూళ్ల మీద కమీషన్ ఉంటుంది, మర్నాడు సెలవు ఉంటుంది. దాని తర్వాత ఎక్కువ గంటలకు ఓటీ వచ్చే బండ్లు. అన్నిటికంటే అడుగున శ్రీరాంపూర్ బండ్లు. గనిలో షిఫ్టు మారే వేళకు కాలు పెట్టే సందుండదు, మిగతా వేళల్లో ఈగలు తోలుకోవాలి. ఎక్కేవాళ్లలో సగం మందికి పాసులు. కమీషన్ ఊసే లేదు. వాటికున్నది ఒకే ఒక్క మంచి గుణం. సాయంత్రానికి ఇల్లు చేరుస్తాయి.

అందుకని వాటిని చిన్నపిల్లల తల్లులు తీసుకునేవాళ్లు. అలా తీసుకోవాలని రూలేమీ లేదు. నాకు ముందున్న గుమాస్తా ఆ నాలుగైదు డ్యూటీలను వేరే కాగితం మీద, పైన "లేడీస్" అని గీత గీసి రాసేవాడు. నేనూ అలాగే రాశాను. అది వాళ్లకు చేస్తున్న మేలే అనుకున్నాను.

ఎంపికకూ ఎంపికకూ మధ్య ఖాళీలు సర్దేది నేనే. ఆ పని చేస్తూ ఒక సంగతి ఎన్నిసార్లు చూశానో! బిడ్డ పుట్టిన కండక్టరు పేడా డబ్బాతో నా కిటికీ దగ్గరికి వస్తాడు.

"సార్, ఖర్సులు పెరిగినయి. జర హైదరాబాద్ బండి చూడుండ్రి."

బిడ్డ పుట్టిన కండక్టరమ్మ సెలవు ముగించుకొని అదే కిటికీ దగ్గరికి వస్తుంది. చేతిలో డబ్బా ఉండదు.

"సార్, పాలు తాగే పిల్ల. జర శ్రీరాంపూర్ బండి ఇయ్యుండ్రి."

ఇద్దరికీ అడిగింది ఇచ్చేవాణ్ణి. తండ్రి అయినవాడికి రాబడి పెరిగేది, తల్లి అయినామెకు తగ్గేది. ఇద్దరూ నాకు దండం పెట్టి వెళ్లేవాళ్లు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నా బండి కూడా అలాగే మారింది. మా ఆవిడ అప్పుడు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. సెలవు పెట్టింది, మళ్లీ బడికి పోలేదు. దాన్ని మేమిద్దరం ఒక నిర్ణయం అనుకోలేదు. వాన పడితే గొడుగు తీయడం నిర్ణయమా?

ఇక ఒక భార్యాభర్తల సంగతి. ఇద్దరూ మా డిపోలోనే కండక్టర్లు, ఒకే బ్యాచి. శిక్షణ పరీక్షలో ఆమెకు ఒక ర్యాంకు ముందు వచ్చింది కాబట్టి సీనియారిటీ జాబితాలో ఆమె పేరు పైన, వెంటనే కింద అతని పేరు. ఆమె గని కార్మికుడి కూతురు, కంపెనీ క్వార్టర్లలో పెరిగిన మనిషి. గొంతు పెద్దది. వెనుక సీట్లో టికెట్ లేకుండా కూర్చున్నవాడు ఆమె గొంతు విని జేబు తడుముకునేవాడు. అతను నెమ్మది. చిల్లర దగ్గర ఎవరితోనూ మాట పెంచుకోడు.

మొదటి బిడ్డ పుట్టగానే ఆమె శ్రీరాంపూర్ బండికి, అతను హైదరాబాద్ బండికి మారారు. రెండూ నా చేత్తోనే రాశాను. తర్వాత కొన్నేళ్లకు కంట్రోలరు పోస్టులకు పిలుపు వచ్చింది. బస్టాండులో కూర్చుని బండ్లను నడిపించే ఉద్యోగం అది. కండక్టరుకు అది మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కితేనే పైవన్నీ. సీనియారిటీ ప్రకారం ఆమెను ముందు పిలిచారు. కరీంనగర్‌లో ఇంటర్వ్యూ. రిజర్వేషన్ చార్టు ఎలా చూస్తావు, సిద్దిపేట దగ్గర బండి ఆగిపోతే ప్రయాణికులను ఏ బండిలో ఎక్కిస్తావు, ఇలాంటివి అడిగారట. అన్నేళ్లుగా ఆమె చూసిన దూరం శ్రీరాంపూరే. "మీ అనుభవమంతా లోకలే కదమ్మా" అని మర్యాదగానే పంపించేశారు. ఆ తర్వాతి పిలుపులో ఇద్దరి పేర్లూ వస్తాయి. అతనికి మాత్రం హైదరాబాద్ రోడ్డు మొత్తం కంఠతా వచ్చు.

ఈలోగా రెండో పాప పుట్టింది. పిల్లలను చూసుకునే ఆమె తల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక సాయంత్రం ఇంట్లో భార్యో భర్తో ఒకరు ఉండాలి.

ఎంపికకు కొద్ది రోజుల ముందు ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"సార్, ఈపారి నా నంబరుకు హైదరాబాద్ బండి వస్తదా?"

"వస్తుంది. మరి పిల్లలమ్మా?"

"ఆళ్లకు బాపు లేడా సార్?"

"ఆయనా హైదరాబాద్ బండే కదా?"

"గది ఎంపిక నాడు చూద్దురు గాని" అని నవ్వి వెళ్లిపోయింది.

ఎంపిక రోజు మొదట మా యూనియన్ పెద్దమనిషి లేచాడు. జాబితాలో మొదటి పేరు ఆయనది. అందరూ లీడరు అనేవాళ్లు. ఆయన ఎప్పుడూ తీసుకునేది చెన్నూరు బండి. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం నుంచి రెండుసార్లు పోయి వచ్చే పొడుగు డ్యూటీ. దాని మీద ఓటీ బాగా వస్తుంది. "చెన్నూరు" అని, కూర్చోబోతూ "రాసుకో, మల్ల మరుస్తవ్" అన్నాడు నాతో. గదంతా నవ్వింది. అప్పటికి అందరూ సరదాగానే ఉన్నారు.

కొందరి తర్వాత ఆమె పేరు పిలిచాను. నా చేయి అలవాటుగా లేడీస్ కాగితం మీదికి పోయింది.

"హైదరాబాద్. పొద్దటి బండి" అంది.

నేను తలెత్తాను. వెనుక నుంచి ఒక మగ గొంతు, "అక్కా, పిల్లలను డిక్కిల వేస్కపోతవా?"

"నీ పిల్లలను యాడ ఏస్కపోతున్నవ్ తమ్మీ ఇన్నేండ్ల సంది? గాడ్నే ఏస్త" అంది ఆమె. మళ్లీ నవ్వులు.

తర్వాతి పేరు ఆమె భర్తది. లేచి, చొక్కా సవరించుకుని, మామూలు గొంతుతో చెప్పాడు.

"శ్రీరాంపూర్ సార్. పొద్దున ఎక్కి సాయంత్రం దిగేది."

ఈసారి నవ్వు పైకప్పు రేకులకు తగిలింది. లీడరు తొడ చరిచాడు. "అరే, గాజులు గిట్ల తొడుక్కుంటవా ఏందిరా?"

"తొడుక్కుంటనే అన్నా. టికెట్ కొట్టంగ గలగల చప్పుడైతె, నిద్రపోయినట్టు యాక్షన్ చేసెటోళ్లు లేస్తరు."

దానికి లీడరు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. కానీ నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఆడవాళ్ల వరుసలో ఒక్కరూ నవ్వలేదు. అందులో ఒక పెద్దామె లేచింది.

"తమ్మీ, నీ మాట మంచిగనే ఉన్నది. గని అవి మా బండ్లు. ఉన్నయే గిన్ని. మొగోళ్లు గూడ వచ్చి పడితె మేం యాడికి పోవాలె?"

ఆమె కూర్చుంటూ ఆ వరుస చివరన ఉన్న అమ్మాయి వైపు చూసింది. అందరం చూశాం. ఆ పిల్ల ప్రసూతి సెలవు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. టౌనులో ఒక ముస్లిం కుటుంబం వాళ్ల అమ్మాయి. భర్త బిడ్డ పుట్టబోతుందనగా ఖర్చులకని దుబాయి వెళ్లాడు. సీనియారిటీలో ఆమెదే చివరి పేరు. నేను బల్ల మీది కాగితాలు చూసుకున్నాను. తల్లుల పేర్లు శ్రీరాంపూర్ బండ్ల కంటే ఒకటి ఎక్కువున్నాయి. ఆమె వంతు వచ్చేసరికి ఆసిఫాబాద్ మలి షిఫ్టు ఒక్కటే మిగులుతుంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రి పదింటికి కూడా దిగలేని బండి.

"సార్, అదొస్తె నేను నౌకరీ ఇడిసిపెట్టుడే" అంది, లేవకుండానే. "మా అమ్మీకి రాత్రిపూట కండ్లు కనబడయి. పిల్ల ఏడుస్తె సీసా ఏడున్నదో ఎరుక కాదు ఆమెకు."

నవ్వులు ఆగిపోయాయి. శ్రీరాంపూర్ అడిగిన ఆ భర్త ముందే అనుకుని వచ్చిన మాట ఏదో చెప్పబోయాడు. "చెల్లె, నేను నీ బండి గుంజుకుంటలేను. నా పిల్లలు గూడ పిల్లలే గద. రేపు మీ ఆయన గూడ..."

"మా ఆయన దుబాయిల ఉన్నడు అన్నా. చెయ్యి ఊపితె ఆగి దిగబెట్టెటందుకు అది మన బస్సు కాదు."

అతను కూర్చున్నాడు. లీడరు లేచాడు. పంచాయతీ తెగ్గొట్టడం ఆయనకు అలవాటు.

"గింత పరేషాన్ ఎందుకు? అక్కా, నువ్వు ఎప్పటిలెక్క శ్రీరాంపూర్ పట్టు. వాడు ఎప్పటిలెక్క హైదరాబాద్ పోతడు. మొగుడూ పెండ్లామే గద, మార్సుకుంటె అయిపాయె. అందరికీ మంచిది. ఏమంటరు?"

చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లలో కూడా సగం మంది కొట్టారు. కొత్తగా వచ్చిన కుర్ర మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. నేను కలం తీశాను. హైదరాబాద్ అడిగినామె నిలబడే ఉంది. అప్పుడు ఆ చివరి అమ్మాయే మళ్లీ అంది.

"ఆయన తీస్కున్నా, అక్క తీస్కున్నా, నాకైతె ఆసిఫాబాదే గద?"

ఎవరికీ ఆ మాట తట్టలేదు. లెక్కలు రాసి బతికిన నాకూ తట్టలేదు. ఆ ఇంటికి ఒక శ్రీరాంపూర్ బండి కావాలి. భార్య తీసుకున్నా ఒకటే, భర్త తీసుకున్నా ఒకటే. భార్య తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. చివరి అమ్మాయికి ఆసిఫాబాద్ రాసి, "ఈసారికి సర్దుకోమ్మా, మంది ఎక్కువయ్యారు" అని చెప్పి, బల్ల ఖాళీ చేసి అన్నానికి పోయేవాణ్ణి. ఆ పిల్ల ఉద్యోగం ఏ చప్పుడూ లేకుండా పోయేది. మగవాడు అడగబట్టి అది గొడవ అయింది.

మేనేజరు నా వైపు వంగి, "శ్రీరాంపూర్ ఆడవాళ్లకే అని రూలుందా?" అని అడిగాడు.

"లేదు సార్. నా కాగితం మీద తప్ప ఎక్కడా లేదు."

"మరి ఏం చేద్దాం?"

"గంట టైమివ్వండి సార్."

అన్నానికి అని అందరూ లేచారు. నేను నా గదిలోకి వెళ్లి చార్టు మొత్తం బల్ల మీద పరిచాను. సాయంత్రానికి ఇల్లు చేరే డ్యూటీ ఇంకొకటి పుట్టించాలి. కొత్త బస్సు రాదు. ఉన్న బండినే విడగొట్టాలి. పగలు నాలుగుసార్లు తిరిగే పొడుగు బండి ఒక్కటే కనిపించింది. మధ్యాహ్నం దాన్ని విరిస్తే రెండు సగాలవుతాయి. పొద్దున ఎక్కినవాళ్లు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు. ఖాళీగా కూర్చుంటున్న స్పేర్ మనుషుల్లోంచి ఒకరిని ఆసిఫాబాద్‌కు పంపవచ్చు. చేయడానికి పది నిమిషాల పని. కానీ ఆ బండి లీడరుది. ఆయన చెన్నూరు. పొద్దున నా చేత్తో రాసింది. ఆయన ఒప్పుకోకపోతే ఆరు నెలలు ముట్టుకోలేను.

మేనేజరు చూసి, "ఇంత తేలికైన పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు?" అన్నాడు.

నేను కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ఆ తల్లులందరూ నా కిటికీ దగ్గరికి ఒక్కొక్కరుగా వచ్చి, తలొంచుకుని, సాయం అడిగినట్టు అడిగేవాళ్లు. ఒక్కొక్కరికీ ఉన్నదాంట్లోంచి సర్ది పంపేవాణ్ణి. బండ్లే చాలడం లేదని అందరి ముందూ నిలబడి అడిగినవాళ్లు లేరు. ఈ మాటలేవీ మేనేజరుకు చెప్పలేదు. "లీడరును పిలుద్దాం సార్" అన్నాను.

లీడరు వచ్చాడు. ఆయన బండి నడిపే డ్రైవరు కూడా వెంట వచ్చాడు, పిలవకుండానే. గడ్డానికి గోరింటాకు పెట్టుకునే పెద్ద మనిషి, దక్కనీ ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. సంగతి విని లీడరు నిప్పుల్లో వేసిన ఉప్పులా చిటపటలాడాడు.

"నా ఓటీ కోసి ఆళ్లకు పెడ్తవా సార్? నా పిల్లలు పిల్లలు గారా? మా పెద్దోడు ఇంజినీరింగ్ జేస్తుండు. ఫీజు నువ్వు కడ్తవా? ఈ మేనేజరు కడ్తడా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చెన్నూరు బండి మీద ఓటీ ఆయన కల్లు దుకాణంలో పోయలేదు, కొడుకు చదువులోనే పోశాడు. నేను చేయబోయేది న్యాయమే, కానీ దాని ఖర్చు ఒక తండ్రి నెత్తిన పడుతుంది. ఊరికే వచ్చే న్యాయాన్ని నా ఉద్యోగంలో నేను చూడలేదు.

డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "లీడర్ సాబ్, ఓటీ నీకు. నడుము నొప్పి నాకు. గా సీటు మీద ఎన్నేండ్లు కూసోవాలె?"

"నీకు గూడ ఓటీ వస్తది గద భాయ్!"

"వస్తది, వస్తది. ఇంటికి ఓటీ పైసలు పోతయి, నేను పోను. ఒక దినం జొరమొచ్చి పగటీలి ఇంటికి పోయిన. మా చిన్నోడు తలుపు తీసి చూసి, లోపలికి మొర్రబెట్టిండు... 'అమ్మీ, కోయీ చాచా ఆయా' అని. ఎవలో చిన్నాయన వచ్చిండంట!"

మేనేజరు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. డ్రైవరు కూడా నవ్వుతూనే చెప్పాడు. లీడరు మాత్రం నవ్వు మధ్యలో ఆపేశాడు. ఆయన కరిగిపోయాడని రాస్తే కథ బాగుంటుంది కానీ అలా జరగలేదు. కాసేపు కాగితం చూసి, వేలితో బల్ల కొట్టి, బేరం పెట్టాడు.

"కొండగట్టు జాతరకు నడిచే స్పెషల్ బండ్లు మొత్తం నాకు రాయాలె. ఒక్కటి గూడ పోవద్దు."

"రాస్తాను."

"మా పెద్దోని పరీక్షలప్పుడు లీవు ఇయ్యాలె."

"ఇస్తాను" అన్నాడు మేనేజరు.

"పొద్దటి సగం గా పిల్లకు ఇయ్యుండ్రి. మలి సగం నేను జేస్త. పొద్దుగాల లేసుడు నాతోని గాదు" అని, తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, "ఫికర్ లేదు గని సార్, గా లేడీస్ కాయితం చింపెయ్. మొగోడు గూడ ఎక్కినంక ఇంక లేడీస్ ఏంది?" అన్నాడు. అది వెక్కిరింతగానే అన్నాడు. నేను నిజంగానే చింపాను. తర్వాతి ఎంపిక నుంచి అన్ని డ్యూటీలూ ఒకే కాగితం మీద రాశాను.

ఆ మధ్యాహ్నం గదిలో కొత్త చార్టు చదివి వినిపించాను. ఆ చివరి అమ్మాయి చెన్నూరు పొద్దటి సగం అనగానే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ డ్యూటీ మీద ఓటీ ఉండదు, కమీషన్ ఉండదు. ఆమె జీతం చాలా కాలం అక్కడే నిలబడిపోయింది. కానీ ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు వాళ్ల పాప పదో తరగతికి వచ్చింది. తల్లి ఇప్పుడు హైదరాబాద్ బండి మీద పోతోందని మొన్న బస్టాండులో తెలిసింది.

ఆ ఆరు నెలలు, దాని తర్వాత ఇంకో ఆరు నెలలు, భార్య హైదరాబాద్ పోయింది, భర్త శ్రీరాంపూర్ పోయాడు. మొదట్లో గని కార్మికులు అతన్ని ఆటపట్టించేవాళ్లు. తర్వాత వాళ్లకే అలవాటైంది. పండగ పూట ఒకాయన అతనికి మక్క గారెల డబ్బా ఇచ్చి, "పిల్లలకు" అన్నాడట. నాకు చెప్పి సంబరపడ్డాడు. నేను హైదరాబాద్ బండి చేసిన ఏళ్లలో మా పిల్లల పేరు మీద నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. పిల్లలున్నారని ప్రయాణికులకు ఎలా తెలుస్తుంది?

కంట్రోలరు ఇంటర్వ్యూలకు మళ్లీ పిలుపు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. డిపో రికార్డులు పట్టుకుని నేను కూడా కరీంనగర్ వెళ్లాను. ముగ్గురం ఒకే బస్సులో వెళ్లాం. పిల్లలను పక్కింటివాళ్ల దగ్గర పెట్టి వచ్చారు. బస్సులో ఆమె పాఠం అప్పజెప్పినట్టు హైదరాబాద్ రోడ్డు మీది స్టాపులు చెప్తుంటే, అతను కిటికీలోంచి చూస్తూ ఒకటి రెండు సరిచేశాడు.

ఆమెను ముందు పిలిచారు. చాలాసేపటి తర్వాత బయటికి వచ్చింది.

"ఏమడిగిండ్రు?" అన్నాడు భర్త.

"రోడ్డు గురించి అడిగిండ్రు, చెప్పిన. ఇంక ఇద్దరు పిల్లలు గద, ఎట్ల చేస్తవమ్మా అన్నరు. బయట మా ఆయన గూసున్నడు సార్, ఆయనకు గూడ ఇద్దరే, ఆయన్ను గూడ అడుగుండ్రి అన్న."

తర్వాత అతను లోపలికి వెళ్లాడు. వెళ్లినంత తొందరగా తిరిగొచ్చాడు. ముఖం మామూలుగానే ఉంది.

"నిన్ను అడిగారా పిల్లల సంగతి?" అన్నాను.

"లేదు సార్. హైదరాబాద్ రోడ్డు మీద ఇన్నేండ్లు చేసి, శ్రీరాంపూర్ బండికి ఎందుకు ఏసిండ్రు, ఏం తప్పు జేసినవ్, పనిష్మెంటా అని అడిగిండ్రు."

"ఏం చెప్పావు?"

"తప్పేం జెయ్యలే, నేనే కోరుకున్న అన్న. మొగం మొగం చూస్కున్నరు. పొమ్మన్నరు." ఆగి, భార్య వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "ఆమె ఆరేండ్లు జేసింది సార్ గదే బండి. ఏం తప్పు జేసినవని ఆమెను ఎన్నడన్న అడిగిండ్రా?"

మధ్యాహ్నానికి పేర్లు చదివారు. ఆమె పేరు ఉంది, అతని పేరు లేదు. ఆ ఒక్క ఏడాది శ్రీరాంపూర్ అతని రికార్డులో మరకలా మిగిలిపోయింది. తర్వాత రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ అదే ప్రశ్న అడిగారు. ఇప్పటికీ కండక్టరే. పిల్లల కోసం ఎవరు ఇంటివైపు జరిగితే వాళ్ల పేరు వెనక్కి పోతుంది, ఇంతే సంగతి. కాకపోతే ఆడమనిషి జరిగితే సహజం అంటారు, మగవాడు జరిగితే ఏం తప్పు చేశాడో అనుకుంటారు. మీలో ఎవరైనా రేపు ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చుంటే, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆమెను కాగితాల పనికి ఆగమన్నారు. అక్కడున్న కండక్టర్లు చేతులు కలుపుతున్నారు, స్వీట్లేవీ అంటున్నారు. అతను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలని, కింద కదలబోతున్న బస్సు వైపు వడివడిగా నడిచాడు. ఆమె జనంలోంచి బయటికి వచ్చి మెట్ల మీద నుంచి గట్టిగా కేకేసింది.

"చిన్నదానికి దగ్గు మందు అన్నానికి ముందు పొయ్యాలె. మరువకు!"

అతను ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"గా మందు డాక్టరు పోయిన వారమే బంద్ చేసిండు" అన్నాడు. "దగ్గు తక్కువైంది గద."

బస్సు కదిలింది. ఆమె మెట్ల మీదే నిలబడింది. వెనుక నుంచి ఎవరో "కంట్రోలరమ్మా" అని పిలిచారు, ఆమె తిరిగి చూడలేదు.

"పోయిన వారమా సార్?" అని నన్ను అడిగింది.